“మార్చు” అని కూడా రాసేశాడు

రిటైరయ్యే ముందు ఏడాది, 2022 ఆగస్టులో, ఎనిమిదో తరగతికి ఒక ప్రాజెక్టు పని ఇచ్చాను. పింగళి వెంకయ్యగారి గురించి నాలుగు పేజీలు. మాది కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు. ఆయన పుట్టిన భట్లపెనుమర్రుకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. అయినా ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరూ ఆ ఊరి మొహం చూడలేదు. ఫోను చూశారు.

పుస్తకాలు దిద్దుతుంటే మూడోదానికే తెలిసిపోయింది, అందరిదీ ఒకటే వంట. ఒకబ్బాయి మాత్రం మరీ నిక్కచ్చిగా ఎక్కించాడు. ఎర్ర స్కెచ్ పెన్నుతో “బాల్యం [మార్చు]” అని శీర్షిక పెట్టి కింద రెండు గీతలు కొట్టాడు. వాక్యాల చివర [1], [2] అని చిన్న అంకెలు కూడా వదల్లేదు. “ఈ మార్చు ఏంట్రా?” అంటే, “అక్కడ అలాగే ఉంది టీచర్” అన్నాడు.

అది తెలుగు వికీపీడియాలో ప్రతి విభాగం పేరు పక్కనా కనిపించే మాట. పేజీలో తప్పుంటే సరిదిద్దేవాళ్ళు నొక్కడానికి పెట్టింది. వాణ్ణి తిట్టలేదు, నవ్వొచ్చింది. “అక్కడ అలాగే ఉంది” అన్న జవాబు తెలుగు టీచరుకు కొత్తేమీ కాదు మరి. పాత తాళపత్ర ప్రతుల చివర లేఖకులు ఈ శ్లోకం రాసుకునేవారు: “యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే.” నేను చూసిన పుస్తకం ఎలా ఉందో అలాగే రాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని. ఇప్పుడు వాట్సాప్‌లో “ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్” అని తగిలిస్తారే, అచ్చం అదే. కాకపోతే ఆ లేఖకుడు చాలాసార్లు తన పేరు, ఊరు, ఏ సంవత్సరం ఏ తిథిన రాయడం ముగించాడో కూడా ఆ శ్లోకం పక్కనే రాసేవాడు. దోషం నాది కాదంటూనే, చెయ్యి మాత్రం నాదేనని ఒప్పుకునేవాడు. మనం శ్లోకం ఉంచుకుని సంతకం ఎగ్గొట్టాం.

పిల్లల ప్రాజెక్టు పనికైనా, బంధువుల గ్రూపులో పంపేదానికైనా, నేను చెప్పబోయే పద్ధతులన్నీ ఆ సంతకం దగ్గరే మొదలవుతాయి.

ముందు పిల్లల సంగతి

వికీపీడియా చూడొద్దని నేను చెప్పను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. పైసా తీసుకోకుండా మనలాంటి వాళ్ళే రాస్తున్నారు. అయితే దాన్ని పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి చదవడం నేర్పండి. పేజీ అడుగున “మూలాలు” అని ఉంటుంది. మా వాడు ఎక్కించిన [1], [2] అంకెలు అక్కడికి దారి చూపించేవే. అంకె లేని గొప్ప వాక్యం కనిపిస్తే అనుమానించాలి. అంకె ఉంటే నొక్కి, ఆ పుస్తకంలోనో పత్రికలోనో నిజంగా ఆ మాట ఉందా అని చూడాలి. పైన “చరిత్ర” అన్నచోట నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసగా కనిపిస్తుంది. “చర్చ”లో దేనిమీద వాదులాడుకున్నారో ఉంటుంది. నాకైతే అసలు వ్యాసం కన్నా ఆ వాదులాటే ఎక్కువ కాలక్షేపం.

తర్వాత రెండో సాక్షిని వెతకాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. పది సైట్లలో ఒకే మాట ఉంటే పది మంది సాక్షులనుకుంటాం. ఆ పదీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవైతే సాక్షి ఒక్కడే. కనిపెట్టడం తేలిక. క్లాసులో కాపీ కొట్టినవాళ్ళను మేమెలా పట్టుకుంటామో అలాగే: ఒకే అక్షరదోషం అన్నిటిలో ఉందేమో చూడండి.

ఆ పుస్తకాల్లో వెంకయ్యగారి పుట్టిన సంవత్సరం చూస్తే కొన్నిటిలో 1876, కొన్నిటిలో 1878. ఒకమ్మాయి మొదటి పేజీలో ఒకటి, మూడో పేజీలో ఇంకొకటి రాసింది, తనకే తెలియకుండా. ఇద్దరు పెద్దవాళ్ళు రెండు మాటలు చెప్పినప్పుడు పిల్లలు బొమ్మా బొరుసూ వెయ్యక్కర్లేదు. “ఎక్కువచోట్ల 1876 ఆగస్టు 2 అని ఉంది, కొన్నిచోట్ల 1878 అని చూశాను” అని రాస్తే చాలు. అలా రాసిన పిల్లకు నేను పదికి పది వేశాను. నాలుగు పేజీలకు బదులు రెండున్నరే రాసినా వేశాను.

ఇంకోటి. ముప్పై ఎనిమిది పుస్తకాల్లోనూ మొదటి వాక్యం “మన జాతీయ జెండాను రూపొందించినది పింగళి వెంకయ్య.” అబద్ధమని కాదు. కానీ ఆ ఒక్క వాక్యం కింద ముప్పై ఏళ్ళ కథ పడి నలిగిపోతుంది. ఆయన 1916లో రకరకాల జెండా నమూనాలతో చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీగారికి ఇచ్చారు. తెల్ల పట్టీ చేర్చమన్నది గాంధీగారు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరస 1931లో వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఒప్పుకున్న జెండాలో రాట్నం పోయి అశోకచక్రం వచ్చింది. ఇన్ని చేతులు పడ్డ వస్తువు అది. పిల్లలు ఇదంతా రాయగలరు. ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు, అంతే. కాపీ కొట్టారని పిల్లలను అనేముందు మనం ప్రశ్న ఎలా ఇచ్చామో చూసుకోవాలి. “గురించి రాయండి” అంటే ఎక్కిస్తారు. “1921 జెండాకూ 1947 జెండాకూ తేడాలేమిటి, ఎందుకొచ్చాయి” అంటే వెతుకుతారు.

రాయడానికి నా పద్ధతి ఇది. చదవాలి. ఫోను బోర్లా పెట్టాలి. చదివింది అమ్మమ్మకో, చెల్లికో నోటితో చెప్పాలి. ఆవిడకు అర్థమయ్యాక అప్పుడు రాయాలి. అంకెలు, పేర్లు సరిచూసుకోవడానికి మాత్రం మళ్ళీ ఫోను తిరగేయొచ్చు. చూచిరాత రెండో తరగతిలో దస్తూరీకి మంచిది, ఎనిమిదిలో కాదు. ఎవరిదైనా వాక్యం మార్చడానికి మనసొప్పనంత బాగుంటే అలాగే రాసి, రెండు పక్కలా కొటేషన్ గుర్తులు పెట్టి, ఎవరిదో చెప్పాలి.

చివరి పేజీలో ఎక్కడ చూశారో రాయించండి. “గూగుల్” అని రాస్తారు. ఊరెళ్ళొచ్చినవాణ్ణి ఎవరింటికి వెళ్ళావురా అంటే బస్టాండుకు అన్నట్టుంటుంది అది. “తెలుగు వికీపీడియా, పింగళి వెంకయ్య పేజీ, 2022 ఆగస్టు 6న చూశాను” అని ఉండాలి. తేదీ ఎందుకంటే పేజీ రేపు మారొచ్చు, ఎల్లుండి మాయం కావచ్చు. మాయమైన పేజీల పాత రూపాలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో దొరుకుతాయి. లింకు అతికించి, తేదీ వేసి వెతకడమే.

పద్యం ఎవరిది?

మా మేనల్లుడి కొడుకు హైదరాబాద్‌లో చదువుతున్నాడు. వాడికి “స్నేహం మీద వేమన పద్యం” కావాల్సొచ్చి, నన్నడగకుండా ఏఐని అడిగాడు. క్షణంలో ఇచ్చింది. చివర “విశ్వదాభిరామ వినురవేమ” కూడా ఉంది. వాడు సంతోషంగా నాకు పంపాడు. చదివితే నున్నగానే ఉంది. పెన్ను తీసుకుని గణవిభజన చేశాను. ఆటవెలదికి మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. ఇందులో మొదటి పాదం ఎలాగో నిలబడింది, రెండోది కుంటింది, యతి మాట ఎత్తకపోవడమే మంచిది. “ఏ సంకలనంలో ఉంది?” అని దాన్నే అడగమన్నాను. ఒక పుస్తకం పేరు, పద్యం సంఖ్య కూడా చెప్పిందట. ఆ సంకలనం మా ఇంట్లోనే ఉంది. ఆ సంఖ్య దగ్గర ఇంకేదో పద్యం ఉంది.

వేమన పేరు మీద పద్యాలు కట్టడం ఏఐ మొదలుపెట్టిన పని కాదు లెండి. మన పెద్దలే ఆ మకుటం తగిలించి బోలెడు వదిలారు. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు అచ్చువేసే ముందు రకరకాల వ్రాతప్రతులు పోగేసి, పండితుల చేత పోల్చి చూపించుకోవాల్సి వచ్చింది అందుకే. మనకు ఆ శ్రమ కూడా లేదు. మాటకు అర్థం కావాలంటే ఆంధ్రభారతి అనే నిఘంటువుల వెబ్‌సైటులో వెతకండి, ఏ అర్థం ఏ నిఘంటువులోదో పక్కనే చూపిస్తుంది. పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలుగా ఉన్నాయి. ఏఐని కష్టమైన పేరా విడమర్చి చెప్పమనండి, ప్రశ్నలు తయారుచెయ్యమనండి. సాక్షిగా మాత్రం బోను ఎక్కించకండి.

కవుల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. జాషువా 1971, అంటే 2031 చివరిదాకా. శ్రీశ్రీ 1983, అంటే 2043 చివరిదాకా. నాలుగు పంక్తులు చెప్పి, కవి పేరు చెప్పి, దాని మీద మాట్లాడుకోవడానికి ఎవరూ అడ్డురారు. కవిత మొత్తం వీణ మోతతో చదివి, కింద మన పేరు, మన ఫొటో పెట్టుకుంటేనే గొడవ. ఫొటోలకూ అంతే. గూగుల్‌లో కనిపించింది కదా అని ఊరుమ్మడి అయిపోదు. వికీపీడియా వాళ్ళ బొమ్మల భండారం వికీమీడియా కామన్స్‌లో ఉన్నవి చాలావరకు వాడుకోవచ్చు, కానీ ప్రతి బొమ్మ కిందా షరతు రాసి ఉంటుంది. సాధారణంగా తీసినవాళ్ళ పేరు వెయ్యమనే అడుగుతారు. ఆ మాత్రం మర్యాద చెయ్యలేమా?

ఇక గ్రూపులు

మా పుట్టింటి గ్రూపులో నూటపన్నెండు మంది. అడ్మిన్ నేనే. ఎవరూ ఒప్పుకోకపోతే నా మెడకు చుట్టారు.

మెసేజ్ మీద రెండు బాణాలు కలిసి కనిపిస్తే, అది మీ దగ్గరికి వచ్చేసరికే కనీసం అయిదు చేతులు మారిందని అర్థం. అలాంటిదాన్ని వాట్సాప్ 2020 నుంచి ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తోంది. అంతకు ముందే, 2018లో, మన దేశంలో ఏ మెసేజైనా ఒకసారికి అయిదు చోట్లకే అని కట్టడి పెట్టారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న ఫార్వర్డ్‌లు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపిన ఏడాది అది. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, పాటలు కట్టించి మరీ, ఫోన్లో వచ్చిందల్లా నమ్మకండని చెప్పించారు. ఆ రెండు బాణాలు చూడగానే నాకదే గుర్తొస్తుంది.

అన్నీ అంత ప్రమాదం కావు. కొన్ని మన మురిపెం మీద బతుకుతాయి. “ప్రపంచంలో రెండో ఉత్తమ లిపి తెలుగు” అన్నది మీకూ వచ్చే ఉంటుంది. ఏటా తెలుగు భాషా దినోత్సవానికి మా గ్రూపులో మూడు సార్లు వస్తుంది. తీరిక దొరికినప్పుడు దాని వెంట పడ్డాను. పూర్తిగా గాలివార్త కాదు. 2012లో బ్యాంకాక్‌లో లిపుల పోటీ అని ఒకటి జరిగింది, తెలుగుకు రెండో స్థానం ఇచ్చారు. మొదటి స్థానం కొరియా లిపికి. పోటీ పెట్టింది ఎవరయ్యా అంటే కొరియా వాళ్ళు. పెళ్ళి పెద్ద ఇంట్లోనే పెళ్ళికొడుకు దొరికాడన్నమాట! మన లిపి అందానికి ఆ పతకంతో పనేముంది? అందుకని “రెండోది” అని ఎవరైనా అంటే, “ఎవరు చెప్పారు, ఎవరు పెట్టిన పోటీ?” అని అడగండి. ఏ ర్యాంకుకైనా అదే ప్రశ్న.

ఫొటోలకు వేరే చిట్కా. నాసా తీసిన దీపావళి భారతదేశం అని రంగురంగుల బొమ్మ ఒకటి తిరుగుతుంది. అది ఒక రాత్రి తీసింది కాదు. ఏళ్ళ తరబడి ఉపగ్రహాలు పట్టిన ఊళ్ళ దీపాల వెలుగును, ఏ కాలానిది ఏదో తెలియడానికి రంగులు వేసి కలిపినది. ఈ మాట నాసాయే 2012లో చెప్పింది. అయినా ఆ బొమ్మ ఇంకా రిటైరవలేదు. ఫొటో సేవ్ చేసి, గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే బొమ్మ ఇంకెక్కడుందో, అన్నిటికన్నా పాతది ఎప్పటిదో చూడండి. నిన్నటి తుఫాను అని పంపిన ఫొటో ఆరేళ్ళ కిందటిదైతే అక్కడే దొరికిపోతుంది. కేంద్ర ప్రభుత్వ పథకాల మీద వచ్చేవాటికి కేంద్రం వాళ్ళ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది. హైదరాబాద్ నుంచి నడిచే నిజనిర్ధారణ సైటు ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది.

ఇన్ని చెబుతున్న నేను చేసిన పని కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఆడపడుచు వాళ్ళు అక్కడే మొదటి అంతస్తులో ఉన్నారు. నీళ్ళు కాస్త తీశాయనుకున్నాక, ఒక రాత్రి పదిన్నర దాటాక నాకో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరో మగమనిషి ఆయాసపడుతూ, “ఇప్పుడే కట్ట మళ్ళీ తెగింది, మావాళ్ళు చెప్పారు, అందరూ పైకెక్కండి” అన్నాడు. నేను ఆగలేదు. మూడు గ్రూపుల్లో పెట్టేశాను. మా ఆడపడుచుకు మోకాళ్ళ నొప్పులు. చీకట్లో, కరెంటు లేకుండా, అత్తగారిని పట్టుకుని రెండంతస్తులు ఎక్కి డాబా మీద వానలో తెల్లవార్లూ కూర్చుంది. నీళ్ళు రాలేదు.

పొద్దున ఆ వాయిస్ మళ్ళీ విన్నాను. ఏ కట్ట? ఏ ఊరు? ఏ రోజు? చెప్పే మనిషి ఎవరు? ఒక్కటీ లేదు. “ఇప్పుడే” అన్న మాట మాత్రం ఉంది. ఫార్వర్డ్‌లో ఈ “ఇప్పుడే”, “ఈరోజు”, “రేపటి నుంచి” అనేవి ఎన్నాళ్ళైనా పాతబడవు. ఎప్పుడు విన్నా అది ఇప్పుడే. అందుకని అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. తేదీ, ఊరు, చెప్పినవాళ్ళ పేరు ఈ మూడూ నా సొంత మాటల్లో పైన రాయగలిగితేనే పంపుతాను. రాయలేకపోతే, ఎవరికి అవసరమో ఆ ఒక్కరికి ఫోన్ చేసి, “నిజమో కాదో తెలియదు, అక్కడెలా ఉంది?” అని అడుగుతాను. ఆ రాత్రి ఆ ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

తప్పు పంపితే ఏం చెయ్యాలో కూడా అప్పుడే నేర్చుకున్నాను. మొదట నా చెయ్యి డిలీట్ దగ్గరికే వెళ్ళింది. వాట్సాప్ రెండు రోజులు దాటాక కూడా కొంతసేపు అందరి దగ్గరా చెరిపెయ్యనిస్తుంది. కానీ చెరిపితే విన్నవాళ్ళ చెవుల్లోంచి పోదు, వాళ్ళు పంపినచోట్లకు అందదు. చెరిపి, ఆ మూడు గ్రూపుల్లోనూ ఇలా పెట్టాను: “నిన్న రాత్రి 10:40కి కట్ట తెగిందని నేను పంపిన వాయిస్ నిజం కాదు. విచారించకుండా పంపాను, తప్పు నాది. మీరెవరికైనా పంపి ఉంటే దయచేసి వాళ్ళకు ఇది కూడా పంపండి.” కింద పేరు. సిగ్గేసింది. అయితే ఆ తర్వాత మా గ్రూపులో ఇంకో ఇద్దరు అలాగే తమ తప్పు తామే చెప్పుకున్నారు.

పెద్దవాళ్ళకు చెప్పాల్సి వస్తే

మా పెద్ద బావగారు రోజూ తెల్లారకముందే ఏదో ఒక వైద్యం పెడతారు. ఉల్లిపాయ అరికాలికి కట్టుకుంటే షుగరు పోతుందని ఒకరోజు. మా పిల్లలు గ్రూపులోనే “ఫేక్” అని ఒక్క ముక్క కొట్టి, నవ్వే బొమ్మలు పెట్టారు. ఆయన నెల రోజులు మాట్లాడలేదు. షుగరు మందు మాత్రం ఆపేశారు, పంతానికి. నూటపన్నెండు మందిలో ఓడిపోవడానికి ఎవరూ ఒప్పుకోరు. విడిగా రాయండి. నేనిలా రాశాను: “బావగారూ, ఉల్లిపాయ సంగతి నేనూ విన్నాను. మీ డాక్టరుగారిని ఒకమాట అడిగి చెబుతారా? మందు మాత్రం ఆపకండి, అక్కయ్య కంగారు పడుతోంది.” వారానికి ఆయనే గ్రూపులో, “డాక్టరు వద్దన్నాడు” అని పెట్టారు. మందు విషయం కాబట్టి మిగతావాళ్ళు నమ్మకుండా గ్రూపులో ఒక మాట పడాల్సిందే, కానీ అది మెసేజ్ మీద పడాలి, మనిషి మీద కాదు.

చావు కబురు విషయంలో ఇంకా జాగ్రత్త. ఇదివరకు కబురు మోసే మనిషి ముందు ఎవరింటికి వెళ్ళాలో లెక్క ఉండేది. ఇప్పుడు కూతురు విమానం దిగకముందే గ్రూపులో “ఓం శాంతి”లు మొదలవుతాయి. ఇంటివాళ్ళు పెట్టేదాకా మీరు పెట్టకండి. ఆస్పత్రి మంచం మీద గొట్టాలతో ఉన్న మనిషి ఫొటో అసలే వద్దు. ఆ పైన ఎవరో మనవడి పుట్టినరోజు కేకు ఉంటే, శుభాకాంక్షలు పేరు పెట్టి చెప్పండి. లేకపోతే చావు కబురు కింద బొటనవేలు, పుట్టినరోజు కింద చేతులు జోడించిన బొమ్మ పడతాయి. మా గ్రూపులో పడ్డాయి.

పిల్లల హాల్‌టికెట్లు, ఆధార్ కార్డులు, ఫోన్ నంబర్లున్న కాగితాలు గ్రూపుల్లో పెట్టకండి. ఒకరు విడిగా చెప్పిన మాటను స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపకండి. ముక్కూమొహం తెలియని వాళ్ళతో వాదనకు దిగినా “మీరు” తప్పొద్దు. “నువ్వు” అన్న తర్వాత ఎవరూ విషయం మాట్లాడటం నేను చూడలేదు.

స్కెచ్ పెన్ను అబ్బాయి ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. “టీచర్, ఆ మార్చు నొక్కాను” అన్నాడు. తమ ఊరి పేజీలో చెరువు పేరు చేర్చాడట. మర్నాటికి ఎవరో తీసేశారట, మూలం లేదని. “మా తాతకు తెలుసు కదా టీచర్, చాలదా?” అన్నాడు. చాలదురా, తాత చెప్పింది అచ్చులో ఎక్కడుందో చూపించాలి అన్నాను. జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు వెతకమన్నాను. 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ స్కాన్ నా దగ్గరుంటే పంపాను. అందులో ఇద్దరం తలో సగం చూస్తున్నాం. చెరువు ఇంకా దొరకలేదు.